ఎలక్ట్రానిక్ వస్తువులు – ప్రాంతానికొక పర్యావరణ భారం: తొండియార్‌పేట చెప్పే పాఠం

ఒకే కర్మాగారంలో, ఒకే రోజున, ఒకే నమూనాలో తయారైన రెండు సెల్‌ఫోన్లను తీసుకుందాం. ఒకటి నార్వేకు వెళ్లింది. మరొకటి ఉత్తర చెన్నైలోని తొండియార్‌పేటలో ఒక ఇంటికి చేరింది. రెండింటి బరువూ ఒకటే, వాటిలోని రాగి, బంగారం, సీసం, ప్లాస్టిక్కు కూడా ఒకటే. అయినా వాటి జీవితకాలంలో గాలికి, నీటికి, నేలకు, మనుషుల ఆరోగ్యానికి అవి కలిగించే నష్టం మాత్రం ఒకటి కాదు. వస్తువు స్వభావం కన్నా అది తయారయ్యే చోటు, పనిచేసే చోటు, చివరకు విరిగి ముక్కలయ్యే చోటు ఈ నష్టాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఎలక్ట్రానిక్ వస్తువుల పర్యావరణ ప్రభావంలో ప్రాంతీయ భేదాలు అంటే ఇదే.

ఈ భేదాలను గణాంకాలలో చూడడం ఒక పద్ధతి. ఒక పేటలో నిలబడి చూడడం మరొక పద్ధతి. ఆంధ్ర సరిహద్దుకు గంటన్నర, రెండు గంటల ప్రయాణ దూరంలో ఉన్న తొండియార్‌పేట ఈ రెండో పద్ధతికి తగిన స్థలం.

పేట పరిచయం

చెన్నై నగరానికి ఉత్తరాన, రాయపురానికీ తిరువొత్తియూరుకూ మధ్య, సముద్రతీరానికి చేరువలో తొండియార్‌పేట ఉంది. 1693లో ఎగ్మూరు, పురసవాక్కం గ్రామాలతో పాటు ఈస్టిండియా కంపెనీ వశమైన పాత గ్రామమిది. చుట్టూ చాకలిపేట, కొరుక్కుపేట, వ్యాసర్పాడి, కొడుంగయ్యూరు విస్తరించి ఉన్నాయి. నేత పనివారు, వర్తకులు, రేవు కూలీలు, రైల్వే కార్మికులు, నగర పారిశుద్ధ్య కార్మికులు తరతరాలుగా నివసిస్తున్న ఈ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు మొదటినుంచీ ఎక్కువే. మద్రాసు నగరపాలక సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన సర్ పిట్టి త్యాగరాయ శెట్టి పేరిట పాత చాకలిపేటలో ఇప్పటికీ కళాశాల నడుస్తోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వలస వచ్చి నగరాన్ని శుభ్రపరచిన కుటుంబాల వారసులు ఈనాటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు.

నగరం తన భారాన్ని దింపుకున్న చోటు కూడా ఇదే. ఉత్తరాన మణలి, ఎన్నూరు పరిశ్రమలు, తూర్పున ఓడరేవు, పడమట కొడుంగయ్యూరు చెత్త మైదానం ఉన్నాయి. చెన్నై ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించడం వల్ల రేగే ధూళిపై మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకోగా, 2011 అక్టోబరు నుంచి ఆ సరుకు ఎన్నూరు రేవుకు మళ్లింది. 2013లో తొండియార్‌పేటలోనే భూగర్భ గొట్టం నుంచి కారిన చమురు బోరునీటిలో కలిసింది. ఇట్టి ప్రాంతానికి ఎలక్ట్రానిక్ తుక్కు మరొక భారంగా వచ్చి చేరింది.

మొదటి దశ: తయారీ

ఎలక్ట్రానిక్ వస్తువు జీవితాన్ని మూడు దశలుగా విభజించవచ్చు. అవి తయారీ, వినియోగం, విసర్జన. సెల్‌ఫోన్, ల్యాప్‌టాప్ వంటి చిన్న వస్తువుల విషయంలో వాతావరణంలోకి విడుదలయ్యే కర్బన వాయువులలో సింహభాగం తయారీ దశలోనిదే. ఖనిజాలు తవ్వడానికి, శుద్ధి చేయడానికి, చిప్పులు రూపొందించడానికి అయ్యే శక్తి అంత ఎక్కువ. ఒక స్మార్ట్‌ఫోను తయారీకి సుమారు 50 నుంచి 80 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని తయారీ సంస్థల సొంత నివేదికలే చెబుతున్నాయి.

ఈ భారం కొనుగోలుదారుని ఊళ్లో కనిపించదు. బ్యాటరీలలో వాడే కోబాల్టులో అధిక భాగం మధ్య ఆఫ్రికాలోని కాంగో గనులది. అయస్కాంతాలకు, తెరలకు అవసరమైన అరుదైన మృత్తికా మూలకాలలో పెద్ద భాగం చైనాలో శుద్ధి అవుతోంది. ఖనిజం తీసిన చోట మిగిలే బురద, ఆమ్లజలం అక్కడి రైతు పొలంలోనే ఉండిపోతాయి. శుద్ధి అయిన లోహం మాత్రం ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది.

సరిహద్దు జిల్లాల పాఠకులకు తయారీ రంగం పరాయిది కాదు. శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన ఒక పెద్ద సెల్‌ఫోన్ కర్మాగారం 2014 నవంబరులో మూతపడింది. అనంతరం అదే ప్రాంతంలో ఇతర సంస్థలు ఫోన్ల కూర్పును పెద్ద ఎత్తున చేపట్టాయి. సరిహద్దుకు ఇవతల శ్రీసిటీలో 2015 నుంచి ఫోన్ల కూర్పు జరుగుతోంది. ఇక్కడి కర్మాగారాల పని ప్రధానంగా విడిభాగాలను అమర్చడం. అత్యధిక కాలుష్యం కలిగించే గని, ఖనిజశుద్ధి, చిప్పుల తయారీ దశలు చాలావరకు వేరే దేశాలలో జరుగుతాయి. కాబట్టి ‘మన దగ్గర తయారైన ఫోను’ అన్న మాటలో పర్యావరణపరంగా సగం నిజమే ఉంది.

రెండవ దశ: వినియోగం

వస్తువు ఇంటికి వచ్చిన తరువాత దాని ప్రభావాన్ని నిర్ణయించేది విద్యుత్తు. ఒక యూనిట్ విద్యుత్తు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క సమాధానం ఉంటుంది. నార్వేలో దాదాపు తొంభై శాతం విద్యుత్తు జలపాతాల నుంచి, నదుల నుంచి వస్తుంది. భారతదేశంలో అత్యధిక భాగం బొగ్గుదే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సగటున 0.7 కిలోగ్రాముకు కొంచెం పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతోంది.

దీని అర్థాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. స్మార్ట్‌ఫోనును ప్రతిరోజూ పూర్తిగా చార్జి చేసినా ఏడాదికి పది యూనిట్లలోపే ఖర్చవుతుంది. అంటే ఏడు కిలోల లోపు వాయువు. ఫోను తయారీలో వెలువడిన దానితో పోలిస్తే ఇది స్వల్పం. కాని ఏడాదికి 250 యూనిట్లు వాడే రిఫ్రిజిరేటర్ సంగతి వేరు. భారతదేశంలో అది ఏడాదికి సుమారు 175 కిలోల వాయువుకు కారణమవుతుంది. పదేళ్లలో అది ఒకటిముక్కాలు టన్ను. అదే రిఫ్రిజిరేటర్ నార్వేలో ఉంటే ఏడాదికి పది కిలోలు దాటదు. యంత్రం ఒకటే, తేడా అంతా గోడకున్న ప్లగ్గు వెనుక ఉంది.

ఇందులో మరొక స్థానిక భేదం కూడా ఇమిడి ఉంది. చెన్నై నగరమంతా విద్యుత్తు వాడుతుంది. బొగ్గు మండేది మాత్రం ఉత్తర శివార్లలో. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రం, 1,500 మెగావాట్ల వల్లూరు కేంద్రం ఎన్నూరు కయ్య పరిసరాలలోనే ఉన్నాయి. పాత ఎన్నూరు థర్మల్ కేంద్రం 2017 మార్చిలో మూతబడింది. బూడిద కలిసిన నీరు కోసస్తలైయారు నదీముఖాన్ని పూడ్చివేస్తోందని అక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. దక్షిణ చెన్నైలోని ఒక కార్యాలయంలో కంప్యూటర్లు, ఏసీలు రాత్రింబవళ్లు పనిచేస్తే, ఆ బూడిద ఎన్నూరు గాలిలో తేలుతుంది. అంటే ప్రాంతీయ భేదం దేశాల మధ్యనే కాక, ఒకే నగరంలోని రెండు దిక్కుల మధ్య కూడా ఉంది.

వాతావరణ ప్రభావమూ గమనింపదగినదే. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ సర్క్యూట్ బోర్డులను త్వరగా తినివేస్తాయి. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానులోను నీట మునిగిన ఇళ్లలో టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు ఒక్క రాత్రిలో తుక్కుగా మారాయి. చల్లని, పొడి ప్రాంతాలలో పదిహేనేళ్లు పనిచేసే వస్తువు తీరప్రాంతపు పల్లపు వాడలో అంతకాలం మన్నుతుందన్న హామీ లేదు.

మూడవ దశ: విసర్జన

ప్రాంతీయ భేదాలు అత్యంత స్పష్టంగా, అత్యంత క్రూరంగా కనిపించేది ఈ దశలోనే. ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థలు 2024లో విడుదల చేసిన ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. వాటిలో సక్రమంగా సేకరించి శుద్ధి చేసినట్లు నమోదైనది 22.3 శాతమే. ఖండాల వారీగా చూస్తే పరిస్థితి ఇలా ఉంది:

- ఐరోపాలో తలసరి వ్యర్థం 17.6 కిలోలు. సక్రమంగా శుద్ధి అయినది 42.8 శాతం.
- ఆసియాలో తలసరి వ్యర్థం సుమారు 6.4 కిలోలు. శుద్ధి అయినది సుమారు 12 శాతం.
- ఆఫ్రికాలో తలసరి వ్యర్థం 2.5 కిలోలు. శుద్ధి అయినది ఒక శాతం లోపు.

భారతదేశంలో అదే ఏడాది పోగుపడినది సుమారు 41 లక్షల టన్నులు. తలకు మూడు కిలోల లోపే. ఈ అంకెలను పైపైన చూస్తే ఐరోపావాసి కన్నా భారతీయుడు పర్యావరణానికి చేసే హాని చాలా తక్కువ అనిపిస్తుంది. వస్తువుల సంఖ్య దృష్ట్యా అది నిజమే. అయితే ఐరోపాలో పారవేసిన కిలో తుక్కు, తొండియార్‌పేటలో పారవేసిన కిలో తుక్కు ఒకే విధంగా అంతం కావు. మూసిన యంత్రశాలలో, పొగను వడగట్టి విడదీసిన బోర్డు వేరు. వీధి చివర బొగ్గు పొయ్యిమీద కాల్చిన బోర్డు వేరు. కిలోల లెక్కలో చిన్నదిగా కనిపించే భారం, ఆ కిలో పక్కనే ఊపిరి పీల్చే మనిషి లెక్కలో పెద్దదవుతుంది.

సంపన్న దేశాల తుక్కు పేద దేశాలకు తరలిన చరిత్ర కూడా ఉంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి చెందిన గ్వీయు పట్టణం, ఘనా రాజధాని అక్రాలోని అగ్బోగ్‌బ్లోషీ ఈ కారణంగానే లోకానికి తెలిశాయి. అగ్బోగ్‌బ్లోషీ తుక్కు మార్కెట్‌ను 2021లో ప్రభుత్వం తొలగించింది. గ్వీయులో విడివిడి కొట్లను 2015 ప్రాంతంలో ఒక పారిశ్రామిక వాడలోకి చేర్చారు. ప్రమాదకర వ్యర్థాల ఎగుమతిని అదుపు చేసే బాసెల్ ఒడంబడిక 1989లో కుదిరి 1992లో అమలులోకి వచ్చింది. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనవే కాక ఇతర ఎలక్ట్రానిక్ వ్యర్థాలు కూడా ముందస్తు అనుమతి లేకుండా సరిహద్దులు దాటరాదన్న సవరణ అమలవుతోంది. అమెరికా ఈ ఒడంబడికను ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

తుక్కు చేతులు మారే విధానం

చెన్నైలో పాత వస్తువు ప్రయాణం సాధారణంగా ఇంటి గుమ్మం వద్ద మొదలవుతుంది. సైకిలు మీదనో, తోపుడు బండి మీదనో వచ్చే పాత సామాన్ల వ్యాపారి దానిని తూకానికి కొంటాడు. అక్కడినుంచి అది తమిళులు ‘కాయలాన్ కడై’ అని పిలిచే పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. రిచీ వీధిలోని మరమ్మతు దుకాణాలు పనికివచ్చే విడిభాగాలను ఏరుకుంటాయి. మిగిలినది ఉత్తర చెన్నైలోని చిన్న చిన్న గోదాములకు, ఇళ్ల వెనుక దొడ్లకు చేరుతుంది.

అక్కడ జరిగే పని మూడు రకాలు. మొదటిది వైర్లను కాల్చడం. పైనున్న ప్లాస్టిక్ తొడుగు మండిపోతే లోపలి రాగి తీగ మిగులుతుంది. పీవీసీ తొడుగు మండినప్పుడు డయాక్సిన్లు అనే అతి విషపూరిత రసాయనాలు పుడతాయి. రెండవది సర్క్యూట్ బోర్డులను వేడిచేసి, టంకం కరిగించి చిప్పులను ఊడదీయడం. పాత టంకంలో సీసం ఉంటుంది. మూడవది బోర్డులను ఆమ్లాలలో ముంచి బంగారం, వెండి రాబట్టడం. ఆ తరువాత మిగిలిన ద్రవం మురుగుకాలువలోకో, నేలలోకో పోతుంది.

ఎవరికీ అక్కరలేని శేషం చివరకు కొడుంగయ్యూరు చేరుతుంది. నగరపాలక సంస్థ తొండియార్‌పేట మండల పరిధిలోని ఈ చెత్త మైదానం విస్తీర్ణం సుమారు 340 ఎకరాలు. నాలుగు దశాబ్దాలకు పైగా నగరపు చెత్తలో పెద్ద భాగం ఇక్కడే పోగుపడింది. చెత్త ఏరుకునేవారు ఆ గుట్టల అంచున తీగలు కాల్చి రాగి తీసి అమ్ముకుంటారు. వానకాలంలో ఆ గుట్టలమీదుగా జారిన నీరు సమీపపు కాలువల ద్వారా బకింగ్‌హాం కాలువ వైపు సాగుతుంది. ఆంధ్రలోని పెదగంజాం నుంచి మరక్కాణం వరకు ఒకనాడు ధాన్యం, ఉప్పు, కట్టెలు మోసిన కాలువ ఇది.

పాత చెత్తను తవ్వి వేరుచేసే బయోమైనింగ్ పనులు కొడుంగయ్యూరులో 2024లో ప్రారంభమయ్యాయి. అదే స్థలంలో చెత్తను మండించి విద్యుత్తు తీసే కర్మాగారం నెలకొల్పాలన్న ప్రతిపాదనను 2025లో స్థానికులు మానవహారంగా నిలబడి వ్యతిరేకించారు. ఇప్పటికే ఇన్ని పొగలు పీల్చిన చోట మరొక పొగగొట్టం ఎందుకన్నది వారి ప్రశ్న.

పరిశోధనలు తెలిపినది

ఈ భేదాలు ఊహలు కావని కొన్ని శాస్త్రీయ పరిశీలనలు నిరూపించాయి. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనం బెంగళూరులో ఒక మురికివాడ దొడ్డిలో జరిగే తుక్కు పనిని, అనుమతి పొందిన శుద్ధి కేంద్రాన్ని పోల్చింది. మురికివాడ మట్టిలో సీసం, రాగి, తగరం, పాదరసం వంటి లోహాలు అధికంగా కనిపించాయి. ఊరు ఒకటే, తుక్కు ఒకటే. తేడా పనిచేసే పద్ధతిలోనే ఉంది.

2018లో వెలువడిన మరొక అధ్యయనంలో ఢిల్లీ, కోల్‌కతా, ముంబయి, చెన్నై నగరాలలోని అనధికార తుక్కు స్థలాల మట్టిని, చెత్త మైదానాల మట్టిని పరీక్షించి, పీసీబీలు, డయాక్సిన్లు ఉన్నట్లు గుర్తించారు. ఇవి ఏళ్ల తరబడి నశించక, ఆహారం ద్వారా జంతువుల, మనుషుల కొవ్వులో చేరే పదార్థాలు.

పిల్లల విషయం మరింత ఆందోళనకరం. చెన్నైలోని 3 నుంచి 7 ఏళ్ల మధ్య వయసు గల 756 మంది పిల్లల రక్తాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం 2009లో ప్రచురితమైంది. వారి రక్తంలో సీసం సగటున డెసిలీటరుకు 11.4 మైక్రోగ్రాములు ఉన్నట్లు తేలింది. సీసం ఎక్కువైన కొద్దీ పిల్లల ఏకాగ్రతలో, ప్రవర్తనలో లోపాలు పెరుగుతున్నట్లు అందులో గమనించారు. అయిదు మైక్రోగ్రాములు చేరగానే సీసం ఎక్కడినుంచి వస్తున్నదో వెదకి అరికట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. అసలు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని కూడా ఆ సంస్థ చెబుతోంది. ఆ పిల్లల రక్తంలోని సీసమంతా ఎలక్ట్రానిక్ తుక్కుదే అనడానికి వీలులేదు. పాత రంగులు, బ్యాటరీ పనులు, 2000కు పూర్వపు సీసం కలిసిన పెట్రోలు మిగిల్చిన ధూళి కూడా కారణాలే. అయితే ఇప్పటికే సీసం నిండిన నేలమీద ఇంకొంత సీసం కుమ్మరించడం ఎంత అన్యాయమో ఈ అంకె తెలుపుతుంది. తరగతి గదిలో మందకొడి అని ముద్రపడిన పిల్లవాని వెనుక ఇటువంటి కారణం దాగి ఉండవచ్చునన్న స్పృహ తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అవసరం.

వ్యర్థాల పని కూడా ఒక భాగమైన అనధికార పారిశ్రామిక రంగంలో ప్రపంచవ్యాప్తంగా 1.8 కోట్ల మంది వరకు పిల్లలు, కౌమార వయస్కులు పనిచేస్తూ ఉండవచ్చునని, వారిలో అయిదేళ్ల పసివారు కూడా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక హెచ్చరించింది.

తమిళనాడు, ఆంధ్ర: ప్రభుత్వ విధానాల పాత్ర

తుక్కు పరిమాణాన్ని ప్రజల ఆదాయమే కాక ప్రభుత్వ విధానం కూడా నిర్ణయిస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2005లో వేసిన అంచనా ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.46 లక్షల టన్నుల ఈ-వ్యర్థాలు పుట్టేవి. మహారాష్ట్ర తరువాత తమిళనాడు రెండవ స్థానంలోను, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మూడవ స్థానంలోను నిలిచాయి. నగరాలలో చెన్నైది నాల్గవ స్థానం, హైదరాబాదుది ఏడవ స్థానం.

ఆ తరువాతి ఏడాదే తమిళనాడులో ఉచిత కలర్ టీవీల పథకం మొదలైంది. 2006 నుంచి 2011 వరకు కోటిన్నరకు పైగా పద్నాలుగు అంగుళాల టీవీలు ఇంటింటికీ చేరాయి. అవన్నీ పిక్చర్ ట్యూబు టీవీలు. ట్యూబు వెనుక భాగపు గాజులో అయిదో వంతుకు పైగా సీసపు ఆక్సైడు ఉంటుంది. పలుచని తెరల టీవీలు వచ్చాక ఆ ట్యూబు గాజును మళ్లీ వాడుకునే పరిశ్రమే లేకుండా పోయింది. ట్యూబు మెడకు చుట్టిన రాగి తీగకోసం దానిని పగలగొట్టి, గాజును పారవేయడం సాధారణమైంది. 2011 నుంచి మిక్సీలు, గ్రైండర్లు, ఫ్యాన్లు, విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు పంచారు. పేద ఇంటికి వినోదం, విద్య, వంటింటి శ్రమనుంచి విముక్తి లభించడం మంచిదే. పంచిన వస్తువును తిరిగి సేకరించే ఏర్పాటు పంపిణీతో పాటే ఉండి ఉంటే ఆ మేలు సంపూర్ణమయ్యేది. సరిహద్దుకు ఇవతల ఇటువంటి టీవీల పంపిణీ జరగలేదు. ఒకే భాష, ఒకే ఆహారం, ఒకే ఆదాయం గల రెండు పొరుగు ఊళ్లలో తుక్కు స్వరూపం వేరువేరుగా ఉండడానికి ఇది ఒక కారణం.

ఈ-వ్యర్థాలపై ప్రత్యేక విధానాన్ని 2010లోనే ప్రకటించిన రాష్ట్రం కూడా తమిళనాడే కావడం ఇక్కడ గుర్తుంచుకోవాలి. చెన్నైకి ఉత్తరాన సరిహద్దుకు సమీపంలోని గుమ్మిడిపూండి పారిశ్రామిక వాడలో అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలు పనిచేస్తున్నాయి. అయినా వీధి వ్యాపారి ఇచ్చే రొక్కం ముందు అధికారిక కేంద్రం వెలవెలబోతుంది.

చట్టం ఏమంటోంది?

స్విట్జర్లాండ్‌లో 1990ల నుంచే పాత వస్తువులను దుకాణాలు తిరిగి తీసుకునే పద్ధతి ఉంది. కొనేటప్పుడే శుద్ధి రుసుము వసూలు చేస్తారు. జపానులో గృహోపకరణాల శుద్ధి చట్టం 2001లో అమలైంది. ఐరోపా సమాఖ్య 2003లో ఆదేశం జారీ చేసింది. భారతదేశంలో 2011లో రూపొందిన నియమాలు 2012 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. 2016లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. ప్రస్తుతం 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం వంద రకాలకు పైగా వస్తువుల ఉత్పత్తిదారులు తాము అమ్మిన సరుకుకు అనుగుణంగా నిర్ణీత శాతం వ్యర్థాలను శుద్ధి చేయించాలి. మొదటి రెండేళ్లకు 60 శాతం, తరువాతి రెండేళ్లకు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం చొప్పున లక్ష్యం విధించారు.

తుక్కు విడగొట్టే కార్మికులను గుర్తించి నమోదు చేయడం, వారికి శిక్షణ ఇవ్వడం, పనికి తగిన స్థలం కేటాయించడం రాష్ట్ర ప్రభుత్వాల బాధ్యతగా ఆ నియమాలు పేర్కొన్నాయి. తొండియార్‌పేట వంటి చోట్లకు అత్యంత అవసరమైన అంశమిదే.

కూడా, కీడూ

అనధికార రంగాన్ని కేవలం దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఇంటింటికీ తిరిగి, మూలన పడిన వస్తువును సైతం వెలికితీసే సామర్థ్యం ఏ పెద్ద సంస్థకూ లేదు. మరమ్మతు చేసి రెండవ చేతికి, మూడవ చేతికి అమ్మడం వల్ల ఫోను జీవితకాలం పెరుగుతుంది. తయారీలోనే అధిక భారం ఉన్న వస్తువుకు ఇంతకన్నా మేలైన పర్యావరణ సేవ లేదు. చిన్న లోపానికే పారవేసి కొత్తది కొనే సమాజాలు రిచీ వీధి నుంచి నేర్చుకోవలసినది చాలా ఉంది.

కీడు జరిగేది చివరి అంచెలో, అంటే కాల్చడంలోను, ఆమ్లంలో ముంచడంలోను. అక్కడ ఆర్థికంగానూ నష్టమే. బ్యాటరీ తీసిన ఒక టన్ను సెల్‌ఫోన్లలో 300 గ్రాములకు పైగా బంగారం ఉంటుంది. ఒక టన్ను ఖనిజంలో దొరికేది కొద్ది గ్రాములే. బెంగళూరులో రెండు దశాబ్దాల క్రితం జరిగిన పరిశీలనలో దొడ్డి పద్ధతులలో ఈ బంగారంలో నాలుగో వంతు మాత్రమే చేతికి వస్తున్నదని, ఆధునిక కర్మాగారాలలో 95 శాతం వరకు రాబట్టవచ్చునని తేలింది. అంటే ప్రాణాన్ని పణంగా పెట్టి పనిచేసే కార్మికుడు మూడు వంతుల బంగారాన్ని మురుగులో పారబోస్తున్నాడు. సేకరణ, విడదీయడం చిన్న వ్యాపారుల చేతిలోనే ఉంచి, కాల్చవలసిన, కరిగించవలసిన పనిని పెద్ద కర్మాగారాలకు అప్పగించి, ఆ బోర్డులకు సరైన ధర చెల్లిస్తే ఉపాధీ పోదు, ఊపిరీ పోదు. కొట్లను మూయించడం వల్ల పని ఆగదు. మరింత చీకటి సందులోకి జరుగుతుంది.

పాఠకులు గమనింపదగిన విషయాలు

సరిహద్దు పట్టణాలైన తడ, సూళ్లూరుపేట, సత్యవేడు, నగరి, పుత్తూరు వంటి చోట్ల పోగుపడే తుక్కుకు చెన్నైయే దగ్గరి పెద్ద మార్కెట్. అందువల్ల ఈ విషయం చెన్నైవాసులకే పరిమితం కాదు.

1. పనిచేసే వస్తువును ఫ్యాషన్ కోసం మార్చకపోవడం మొదటి జాగ్రత్త. చెడిపోతే ముందు మరమ్మతు, తరువాతే కొత్తది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుకు సంబంధించిన పోర్టల్‌ను ప్రారంభించింది. తయారీదారుల మరమ్మతు సమాచారం అందులో లభిస్తుంది.
2. ఫ్రిజ్, ఏసీ కొనేటప్పుడు నక్షత్రాల గుర్తును చూడాలి. బొగ్గు విద్యుత్తుపై ఆధారపడిన ప్రాంతంలో ఒక్కొక్క నక్షత్రానికి విలువ ఎక్కువ.
3. పాత టీవీ పిక్చర్ ట్యూబును, ట్యూబ్‌లైటును పగలగొట్టరాదు. ఉబ్బిన సెల్‌ఫోన్ బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు.
4. వైర్లను, బోర్డులను దొడ్లో కాల్చడం ఏ కారణం చేతనూ తగదు. ఆ బూడిద ఉన్న చోట పిల్లలను ఆడుకోనివ్వరాదు.
5. పాఠశాలలు, బ్యాంకులు, కార్యాలయాలు పాత కంప్యూటర్లను వేలంలో అధిక ధర చెప్పినవారికి అమ్మివేయక, కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన శుద్ధి కేంద్రాలకే అప్పగించాలి.

నార్వే వెళ్లిన ఫోను, తొండియార్‌పేట చేరిన ఫోను తయారైన రోజున ఒక్కటే. వాటిని వేరుచేసినవి విద్యుత్తు తీగ, చట్టపు అమలు, చివరగా ఎవరి చేతిలో అవి విరిగాయన్న విషయం. ఈ మూడూ మనుషులు ఏర్పరచినవే కనుక మనుషులే మార్చగలరు. కొడుంగయ్యూరు గాలి పీల్చే పిల్లలకు ఆ మార్పు ఎంత త్వరగా అందుతుందన్నదే అసలు ప్రశ్న.